తీగ ఎవరిదైతే వార్త వాళ్లదేనా? యూరోపియన్ కమిషనర్ మార్తా కోస్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మార్తా కోస్ గారికి,

నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో ఇరవై రెండేళ్లు కేబుల్ ఆపరేటర్‌గా పనిచేశాను. మా ఊరికి, చుట్టుపక్కల మూడు పల్లెలకు టీవీ సిగ్నల్ ఇచ్చేవాణ్ని. ఇప్పుడు ఆ పని మానేశాను. మా అమ్మాయి, అల్లుడు సెర్బియాలోని నోవీ సాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో వాళ్ల దగ్గరే ఉన్నాను.

సెర్బియాను యూరోపియన్ యూనియన్‌లో చేర్చుకునే వ్యవహారం మీ చేతిలో ఉంది. కమిషనర్ కాకముందు, రాయబారి కాకముందు, మీరు జర్నలిస్టుగా పనిచేశారని చదివాను. అందుకే వేరెవరికో కాకుండా మీకే రాస్తున్నాను. నాకు మనసులో మాట చెప్పుకోవడం తెలుగులోనే వచ్చు. మా అమ్మాయి దీన్ని ఇంగ్లీషులో రాసి మీ ఆఫీసుకు పంపుతానంది. మా తెలుగువాళ్లు కూడా చదవాలని బహిరంగంగా పెడుతున్నాను. సెర్బియాలో ప్రభుత్వ వాటా ఉన్న కేబుల్ కంపెనీ ఇళ్లకు కొన్ని వార్తా చానళ్లు చేరకుండా పోవడమే నేను చెప్పదలచుకున్నది. ఈ వ్యవహారం మాకు కొత్తది కాదు.

మా అమ్మాయి వాళ్ల ఎదురు ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. రిటైరైన టీచరు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు సెర్బియన్ రాదు. అయినా కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేవారు. ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందు టీవీ కింద ఉన్న బాక్సు మీదికే పోతాయి, అలవాటైపోయింది. ఆవిడ ఇంట్లో ఒక కంపెనీ బాక్సు, మా అమ్మాయి ఇంట్లో ఇంకో కంపెనీ బాక్సు. మార్చి 15న బెల్‌గ్రేడ్‌లో విద్యార్థులు పిలిచిన పెద్ద ప్రదర్శన జరిగింది. ఆ మధ్యాహ్నం ఆవిడ కళ్లజోడు చేత్తో పట్టుకుని మా అమ్మాయి ఇంటి తలుపు కొట్టారు. వీధుల్లో ఏం జరుగుతోందో చూపించే చానల్ ఆవిడ బాక్సులో లేదట. సాయంత్రం దాకా మా సోఫాలోనే కూర్చుని చూశారు. మధ్యలో ఒకసారి ఏడ్చారు. ఎందుకని నేను అడగలేదు.

ఆ రోజు ఎంతమంది వచ్చారన్నదానికి రెండు లెక్కలు వచ్చాయి. పోలీసులు చెప్పింది 1,07,000. జనాన్ని లెక్కగట్టే ఒక స్వతంత్ర బృందం చెప్పింది 2,75,000 నుంచి 3,25,000 దాకా. దేశం మొత్తం జనాభా 2022 లెక్కల ప్రకారం 66 లక్షల పైచిలుకు. మా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, 2011 నాటి హైదరాబాద్ నగరమంత. అంత చిన్న దేశంలో ఒక్కరోజు మూడు లక్షల మంది రోడ్డెక్కితే, అది ఒక బాక్సులో ఒకలా, పక్కింటి బాక్సులో ఇంకోలా కనిపించింది.

ఎందుకు రోడ్డెక్కారో మీకు తెలుసు. 2024 నవంబర్ 1న నోవీ సాద్ రైల్వే స్టేషన్ ముందు కాంక్రీటు కప్పు కూలింది. దానికి కొన్ని నెలల ముందే బాగుచేసి తెరిచిన స్టేషన్ అది. చనిపోయినవారి సంఖ్య చివరికి 16కు చేరింది. మా అమ్మాయి అటుగానే బస్సెక్కుతుంది. ఆ వార్త విన్న రోజు నుంచి నేను ఆ ఊరి సంగతులు దూరం నుంచి చూసేవాడిలా చూడలేకపోయాను.

ఇక తీగల సంగతికి వస్తాను. ఇది నాకు బాగా తెలిసిన పని కాబట్టి కొంచెం విడమరిచి చెప్పనివ్వండి.

సెర్బియాలో ఇళ్లకు టీవీ, ఇంటర్నెట్ ఇచ్చే పెద్ద కంపెనీలు రెండు. ఒకటి టెలికాం సెర్బియా. 1997లో దాంట్లో 49 శాతం ఇటలీ, గ్రీసు కంపెనీలకు అమ్మారు, తర్వాత తిరిగి కొనుక్కున్నారు. ఇప్పుడు 58 శాతం వాటా ప్రభుత్వానిది. దాదాపు 15 శాతం షేర్లు పౌరులకు ఉచితంగా పంచారు. అంటే అది ఆ దేశ జనం సొత్తు. మా ఎదురింటి టీచరమ్మ లాంటి లక్షల మంది దానికి కాగితం మీద యజమానులు. రెండోది ఎస్‌బీబీ. డ్రాగన్ షోలక్ అనే ఆయన క్రాగుయెవాట్స్ అనే ఊళ్లో కేబుల్ నెట్‌వర్క్ పెట్టి అక్కడి నుంచి పెంచిన వ్యాపారం. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా కంట్రోల్ రూమ్ గుర్తొచ్చింది. మేమూ అలాగే డాబా మీద డిష్ పెట్టి, స్తంభం నుంచి స్తంభానికి తీగ లాగి మొదలుపెట్టినవాళ్లమే. ఎస్‌బీబీ తర్వాత యునైటెడ్ గ్రూప్‌గా పెరిగింది. ఆ గ్రూపే 2014లో ఎన్1 అనే వార్తా చానల్ పెట్టింది. తర్వాత నోవా ఎస్ వచ్చింది. 'దనాస్' దినపత్రిక కూడా ఆ గూటికే చేరింది. ప్రభుత్వాన్ని ప్రశ్నించే పెద్ద వార్తా సంస్థలు ఇవే.

యాంటెన్నాతో ఉచితంగా వచ్చే ప్రైవేటు చానళ్లు దేశమంతటా నాలుగే: పింక్, హ్యాపీ, ప్ర్వా, బీ92. 2022 జూలైలో టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ రెమ్ మళ్లీ ఆ నాలుగింటికే లైసెన్సులు ఇచ్చింది. కాబట్టి ఎన్1 చూడాలంటే కేబులే దిక్కు. అంటే ఎన్1 బతుకు బాక్సులో ఉంది. బాక్సు ఎవరి చేతిలో ఉందో చూడండి, మిగతా కథ అంతా అదే.

2018 చివర్లో టెలికాం సెర్బియా కోపర్నికస్ అనే చిన్న కేబుల్ కంపెనీని కొన్నది. వార్తల్లో వచ్చిన ధర సుమారు 19 కోట్ల యూరోలు. అమ్మినాయన సోదరుడు అధికార పార్టీ నాయకుడు. కొన్ని వారాలు తిరక్కుండానే, అమ్మినాయన దాదాపు 18 కోట్ల యూరోలు పెట్టి ప్ర్వా, బీ92 చానళ్లు కొన్నాడు. బీ92 అంటే 1990ల్లో దేశాన్ని ఏలిన మిలోసెవిచ్ కాలంలో సిగ్నల్ ఆపేసినా మళ్లీ మళ్లీ లేచి నిలబడిన రేడియో నుంచి వచ్చిన పేరు. ప్రభుత్వ కంపెనీ డబ్బు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారి, చివరికి రెండు జాతీయ చానళ్లు అయింది. కేబుల్ వ్యాపారంలో కంపెనీలు కొనడం, అమ్మడం నేనూ చూశాను. కనెక్షన్‌కు ఇంత అని లెక్కగట్టి బేరమాడతాం. ఈ కొనుగోలులో కనెక్షన్‌కు ఎంత పడిందో, ఎందుకు అంత పడిందో ఆ దేశ ప్రజలకు కాగితాలతో చూపించాలని అడిగే హక్కు మీకుంది.

తర్వాత ఫుట్‌బాల్. బయటివాళ్లు పెద్దగా పట్టించుకోని విషయం ఇది. నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అంతకుముందు యునైటెడ్ గ్రూప్ చానల్ స్పోర్ట్ క్లబ్‌లో వచ్చేది. 2022 నుంచి ఆరు సీజన్ల హక్కులు టెలికాం సెర్బియా దక్కించుకుంది. వార్తల్లో వచ్చిన అంకె 60 కోట్ల యూరోలు. అరవై ఆరు లక్షల మంది ఉన్న దేశానికి, చుట్టుపక్కల చిన్న దేశాలను కలుపుకున్నా, ఇది మామూలు లెక్కకు అందే ధర కాదు. మా దగ్గర క్రికెట్ ఎలాగో అక్కడ ఫుట్‌బాల్ అలాగ. ఐపీఎల్ రాని బాక్సు మా ఊళ్లో ఒక్కరు కూడా పెట్టుకోరు. కుర్రాడు మ్యాచ్ కోసం కనెక్షన్ మార్చమని ఇంట్లో గొడవ చేస్తాడు, తండ్రి మార్చేస్తాడు. సెర్బియాలో అలా కనెక్షన్ మార్చిన ఇంట్లో మ్యాచ్‌తో పాటు ఇంకొకటి కూడా మారింది. 2020 జనవరిలో ఒప్పందం కుదరక ఎన్1, దాని సోదర చానళ్లు టెలికాం సెర్బియా నెట్‌వర్క్‌లో రాకుండా పోయాయి. మ్యాచ్ కోసం మారిన ఇంట్లో తాత చూసే వార్తలు పోయాయి. ఆ తండ్రి వార్తల గురించి ఏ నిర్ణయమూ తీసుకోలేదు. అతనికి ఆ ప్రశ్నే ఎదురుకాలేదు.

ఒక్క మాట చరిత్ర. అలెక్సాండర్ వుచిచ్ 1998లో మిలోసెవిచ్ ప్రభుత్వంలో సమాచార మంత్రి. ఆ ఏడాది తెచ్చిన చట్టంతో పత్రికల మీద నడ్డి విరిచే జరిమానాలు వేశారు. ఆ దెబ్బ తిన్న పత్రికాధిపతి స్లావ్కో చురువియాను 1999 ఏప్రిల్ 11న బెల్‌గ్రేడ్‌లో ఆయన ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఆ కేసులో నిందితులందరినీ నిర్దోషులంటూ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు 2024లో బయటికొచ్చింది. ఆ రోజుల్లో ఏ పత్రిక మీద ఏ జరిమానా పడిందో అందరికీ తెలిసేది. ఇప్పుడు వుచిచ్ అధ్యక్షుడిగా ఉన్న దేశంలో ఒక చానల్ ఎన్ని ఇళ్లకు చేరకుండా పోయిందో చెప్పే ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కటి కూడా మీకు దొరకదు. అన్నీ వ్యాపార ఒప్పందాలే.

మా వృత్తిలో ఒక ఫోన్ వస్తుంది. దాని గురించి దాచి ఈ ఉత్తరం రాస్తే తప్పు చేసినవాణ్నవుతాను.

చాలా ఏళ్ల కిందట ఒక సాయంత్రం, మాకు పైనుంచి సిగ్నల్ ఇచ్చే పెద్ద ఆపరేటర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఒక వార్తా చానల్ పేరు చెప్పి, అది రేపటి నుంచి రాదు, ఎవరైనా అడిగితే టెక్నికల్ ప్రాబ్లం అని చెప్పమన్నారు. ఎందుకని అడిగాను. "నీకెందుకయ్యా, పైనుంచి చెప్పారు" అన్నారు. వాళ్లతో గొడవ పెట్టుకుంటే వారం తిరక్కుండా నా ఏరియాలో ఇంకొకరితో తీగ లాగిస్తారు. పదకొండు వందల కనెక్షన్లు, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, బ్యాంకు అప్పు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అయినా నోరు మూసుకున్నాను. మర్నాడు మా వీధి రైతు ఒకాయన ఆపి, "ఏరా అబ్బాయ్, ఆ చానల్ రావట్లేదేంటి?" అని అడిగాడు. "టెక్నికల్ ప్రాబ్లం బాబాయ్" అన్నాను. ఆయన నమ్మాడు. మా డాబా వైపు చూసి, "రాత్రి గాలికి డిష్ పక్కకు తిరిగిందేమో చూసుకో" అన్నాడు. ఆయన చనిపోయి ఆరేళ్లయింది. నేను నిజం చెప్పలేదు.

నా ఒక్కడి అనుభవమే అయితే మీకు రాసేవాణ్ని కాదు. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన రెండు వారాలకే టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి అక్కడి కేబుల్‌లో ఆగిపోయాయి. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ, సాక్షి టీవీ చాలా ఇళ్లలో రాకుండా పోయాయి. మళ్లీ ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఏ పార్టీ ఉన్నా మా దగ్గర ఈ రోగం ఉంది. కానీ మాకు కనీసం అడగడానికి ఒక నియమం ఉంది: పంపిణీదారు చానళ్ల మధ్య వివక్ష చూపకూడదని మా దేశపు నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన, దాని మీద వెళ్లడానికి ఒక ట్రిబ్యునల్, పైన కోర్టులు. ప్రభుత్వాలు, పార్టీలు టీవీ పంపిణీ వ్యాపారంలోకి రాకూడదని ట్రాయ్ 2012లోనే సిఫారసు చేసింది. అమలు సంగతి వేరు. సెర్బియాలో నడక దీనికి ఎదురుగా సాగింది. ప్రభుత్వం మీడియా యాజమాన్యం నుంచి తప్పుకోవాలని 2014లో చట్టం చేశారు. 2023 అక్టోబర్‌లో కొత్త చట్టం తెచ్చి, ప్రభుత్వ వాటా ఉన్న టెలికాం కంపెనీ మీడియా సంస్థలు పెట్టుకోవడానికి దారి తెరిచారు. అప్పుడు జర్నలిస్టు సంఘాలు వద్దన్నాయి.

2025లో వ్యవహారం ఇంకో మలుపు తిరిగింది. ఫిబ్రవరిలో యునైటెడ్ గ్రూప్ తన ఎస్‌బీబీని 82.5 కోట్ల యూరోలకు అమ్ముతున్నట్టు చెప్పింది. కొన్నది 'ఈ అండ్ పీపీఎఫ్ టెలికాం' అనే కంపెనీ. ఇందులో సగానికి కొంచెం పైగా వాటా 'ఈ అండ్' (e&) అనే అబుధాబీ కంపెనీది. మా తెలుగువాళ్లకు ఆ పేరు కొత్తగా అనిపించవచ్చు, పాత పేరు చెబితే తెలుస్తుంది: ఎటిసలాట్. గల్ఫ్‌లో మన కార్మికులు ఎన్నో ఏళ్లుగా ఇంటికి ఫోన్ చేసుకుంటున్న కంపెనీ. ఎన్1, నోవా మాత్రం యునైటెడ్ గ్రూప్ దగ్గరే ఉండిపోయాయి. అంటే ఇన్నేళ్లూ సొంత తీగ మీద బతికిన వార్తా సంస్థలు ఇప్పుడు పరాయి తీగ మీద అద్దెకున్నాయి. జూన్‌లో షోలక్‌ను, సీఈఓ విక్టోరియా బోక్లాగ్‌ను బాధ్యతల నుంచి తప్పించారు. ఆగస్టులో క్రిక్, ఓసీసీఆర్పీ అనే పరిశోధనాత్మక సంస్థలు ఒక ఫోన్ రికార్డింగ్ బయటపెట్టాయి. అందులో టెలికాం సెర్బియా అధిపతి వ్లాదిమిర్ లూచిచ్, యునైటెడ్ గ్రూప్ కొత్త సీఈఓ స్టాన్ మిల్లర్ మాట్లాడుకుంటున్నారు. ఎన్1, నోవా ఉన్న యునైటెడ్ మీడియాకు అప్పుడు అధిపతిగా ఉన్న అలెక్సాండ్రా సుబోటిచ్ స్థానాన్ని బలహీనపరచడం గురించి ఆ మాటలు. తమ చానళ్ల స్వతంత్రతకు కట్టుబడి ఉన్నామని యునైటెడ్ గ్రూప్ అంటోంది.

ఆ వార్త చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. మా ఊళ్లో పదకొండు వందల ఇళ్ల కోసం వచ్చిన ఫోనూ, ఒక దేశం కోసం జరిగిన ఫోనూ ఒకే గొంతుతో మాట్లాడినట్టు అనిపించింది. రెండు పోటీ కంపెనీల పెద్దలు ధర గురించి, తీగ అద్దె గురించి మాట్లాడుకోవడం మామూలే. ఎదుటి కంపెనీ వార్తా విభాగంలో ఎవరుండాలో ప్రభుత్వ కంపెనీ అధిపతికి ఎందుకు?

అవతలి వాదన నాకు తెలుసు. చానల్ ఎక్కువ ధర అడుగుతోంది, మాకు గిట్టడం లేదు అంటారు. ఒక్కోసారి అది నిజమే, నేనూ చానళ్లతో డబ్బు దగ్గర తగువులాడినవాణ్నే. షోలక్ కూడా ధర్మం కోసం వ్యాపారం చేసిన మనిషేమీ కాదు. తీగ, చానళ్లు, ఆటల హక్కులు అన్నీ ఒక్కచోట పోగేసినవాడే, ఆ పద్ధతిలోనే ఇప్పటి చిక్కు కూడా పుట్టింది. కానీ ధర తగవు అయితే దాన్ని తేల్చడానికి మధ్యవర్తి ఉండాలి, ఆ మధ్యవర్తికి ఇరువైపుల లెక్కలూ చూపించాలి, తేలేదాకా చానల్ రావాలి. 2020 నుంచి తేలని ధర తగవును నేను ధర తగవు అని నమ్మలేను. పైగా ప్రజల సొమ్ముతో నడిచే కంపెనీకి తనకు నచ్చిన వార్త, నచ్చని వార్త అని ఉండకూడదు. మా రైతు బాబాయ్ నెలనెలా చందా కట్టింది సిగ్నల్ కోసం. ఏం చూడాలో నన్ను ఎంచమని ఆయన ఎప్పుడూ అడగలేదు.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. యూరోపియన్ మీడియా స్వేచ్ఛ చట్టం 2025 ఆగస్టు 8 నుంచి మీ సభ్య దేశాల్లో చాలావరకు అమలులోకి వచ్చింది. సెర్బియా ఇంకా సభ్య దేశం కాదు కాబట్టి అది అక్కడ చెల్లదు. కానీ చేరాలనుకునే దేశం దానికి తగ్గట్టు మారాలని అడిగేది మీరే. 2024 నుంచి 2027 దాకా మీ వృద్ధి ప్రణాళిక కింద సెర్బియాకు సుమారు 160 కోట్ల యూరోల సాయం, అప్పు కేటాయించారు, సంస్కరణలు చేస్తేనే విడుదల అన్నారు. ఆ సంస్కరణల పట్టికలో తీగల సంగతి స్పష్టంగా రాయించండి. ప్రభుత్వ వాటా ఉన్న ఏ టెలికాం కంపెనీ అయినా వార్తా చానళ్లన్నిటినీ ఒకే షరతుల మీద ఇవ్వాలి. 2023లో తెరిచిన దారి మళ్లీ మూయాలి. కోపర్నికస్ కొనుగోలు, ప్రీమియర్ లీగ్ ఒప్పందం ప్రభుత్వ సాయం కిందకి వస్తాయో లేదో తేల్చాలి. 2013 సెప్టెంబర్ నుంచి మీకూ సెర్బియాకూ మధ్య అమల్లో ఉన్న ఒప్పందంలో ప్రభుత్వ సాయం గురించిన నియమాలు ఉన్నాయి కదా. రెమ్ కౌన్సిల్ కోసం 2025 ఏప్రిల్‌లో విద్యార్థులు ప్రభుత్వ టీవీ ఆర్‌టీఎస్ భవనాన్ని రోజుల తరబడి చుట్టుముట్టారు. వాళ్లు అడిగిందల్లా నియంత్రణ సంస్థ సభ్యుల ఎంపిక సక్రమంగా జరగాలని. చలిలో రాత్రుళ్లు కూర్చున్నారు. ఆ వయసులో మా పిల్లలు ఏ నియంత్రణ సంస్థ పేరూ విని ఉండరు.

ఇంకొక మాట మీకు నచ్చకపోవచ్చు. 2024 జూలైలో బెల్‌గ్రేడ్‌లో మీ యూనియన్, సెర్బియా కలిసి బ్యాటరీల్లో వాడే లిథియం గురించి ఒప్పందం రాసుకున్నాయి. ఆ తర్వాత సెర్బియా ప్రభుత్వాన్ని ప్రశ్నించడంలో బ్రస్సెల్స్ గొంతు తగ్గిందని అక్కడ మా అమ్మాయి స్నేహితులు చాలామంది నాతో అన్నారు. మీరు కమిషనర్ అయ్యింది దాని తర్వాత, 2024 డిసెంబర్‌లో. కాబట్టి ఆ మాట మిమ్మల్ని ఉద్దేశించింది కాదు. కానీ దాన్ని అబద్ధం చేయగలిగిన స్థానంలో ఇప్పుడు ఉన్నది మీరే.

ఏటా శరదృతువులో మీరు సెర్బియా మీద నివేదిక ఇస్తారు. ఈసారి దానికి ముందు బెల్‌గ్రేడ్ వెళ్లినప్పుడు మంత్రుల కార్యాలయాలతో పాటు ఒకే మెట్ల మీద ఎదురెదురుగా ఉన్న రెండు ఫ్లాట్లకు వెళ్లండి. రెండు ఇళ్లలోనూ టీవీ పెట్టించి, రిమోట్ మీరే తీసుకుని, వార్తా చానళ్లు మొదటి నుంచి చివరిదాకా నొక్కుతూ వెళ్లండి. ఏ నంబర్ దగ్గర ఏది రాలేదో కాగితం మీద రాసుకోండి. నివేదికలో ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టుగా పెట్టండి. నోవీ సాద్ వస్తే మా ఎదురింటి టీచరమ్మ కాఫీ ఇస్తారు, నేను ఆవిడను అడిగే ఈ మాట రాస్తున్నాను.

ఇట్లు,
ఒక మాజీ కేబుల్ ఆపరేటర్
గుంటూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్